పద్దెనిమిది వేల సంసారం

జూలై 5, శనివారం

లెక్కల పుస్తకం వేరే ఉంది కాబట్టి ఇందులో రూపాయల గొడవ రాయకూడదనుకున్నాను. ఎన్నాళ్ళు నిలుస్తుందో చూద్దాం.

ఇవాళ హైస్కూలు హెడ్మాస్టరు సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు కబురు పంపారు. పోస్టాఫీసులో ఆర్డీ కట్టడానికేమో అనుకుని రసీదు పుస్తకం పట్టుకుని వెళ్ళాను. కాదట. కుర్చీ వేయించి, టీ తెప్పించి మరీ అడిగారు.

"సత్యవేణిగారూ, మా పిల్లలకి పైథాగరస్ సిద్ధాంతం వచ్చండి. కరెంటు బిల్లు ఇస్తే మాత్రం తిరగేసి పట్టుకుంటారు. ఇక్కడ చదువుకుని ఉద్యోగాలకెళ్ళినవాళ్ళు ఒకటో తారీఖున జీతం తీసుకుని, పదో తారీఖుకల్లా డబ్బులు పంపమని ఇంటికి ఫోన్లండి. శనివారం మధ్యాహ్నం ఒక గంట మీరొచ్చి చెప్పాలి."

"నేను ఇంటర్ తప్పినదాన్నండి మేష్టారూ."

"మామిడికుదురులో మీరు డబ్బు కట్టించని ఇల్లు లేదండి. ఇంటరెవరిక్కావాలి?"

ఒప్పుకున్నాను. ఒప్పుకోకపోవడానికి ఏముంది? మా ఆయన కువైట్ వెళ్ళి పదకొండేళ్ళు. ఈ పదకొండేళ్ళలో నా పుస్తకంలో రూపాయి తేడా వస్తే చూపించమనండి. అప్పులు తీర్చాను. ఇల్లు కట్టాను. ఇక పైన స్లాబు వేసి ఒక పోర్షను అద్దెకిచ్చేస్తే జన్మకి నిశ్చింత. దానికి ఇంకో రెండేళ్ళు చాలు.

జూలై 12, శనివారం

మొదటి క్లాసు. తొమ్మిది, పది తరగతులు కలిపి ముప్పైఒక్క మంది వచ్చారు. ఇంకో నలుగురు వాడపల్లి గుడికి వెళ్ళారట, ఏడు శనివారాల మొక్కు. మా అమ్మాయి దుర్గాశ్రీ మూడో బెంచీలో కూర్చుంది. బడిలో నన్ను మేడమ్ అంటానంది. సరేనన్నాను.

తలా ఒక కాయితం ఇచ్చి చెప్పాను. "మీకు విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది. నెలకి పద్దెనిమిది వేలు. నెలంతా దాంతోనే బతకాలి. రాయండి."

అరగంటలో రాసేశారు. అబ్బో, ఏం సంసారాలు! ఫోను వాయిదా, బండి వాయిదా, సినిమా, బిరియానీ, మళ్ళీ బిరియానీ. ఒకమ్మాయి ఏడు వేలు చెల్లెలి పుట్టినరోజుకి రాసింది. ముప్పైఒక్క మందిలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు బియ్యం రాయలేదు.

శ్యామ్ బాబుని లేపాను. ఆరెకరాల రైతు కొడుకు, మాటకారి.

"బియ్యం ఏవయ్యా?"

"ఇంటిదగ్గర్నించి వస్తాయి కదండి."

"కొబ్బరికాయ?"

వాడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "కొబ్బరికాయ ఎవరైనా కొంటారాండి?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. కోనసీమలో పుట్టినవాడు కొబ్బరికాయ కొనడమంటే ఎంత నామోషీయో నాకు తెలియదా! విశాఖలో కాయ నలభై రూపాయలని బోర్డు మీద రాశాను. ఇంటి నుంచి పాతిక కేజీల బస్తా పంపాలంటే మిల్లు కూలి, ఆటో, బస్సు లగేజీ, మళ్ళీ అక్కడ ఆటో, అన్నీ వాడి చేతే వేయించాను. చివరికి ఇంటి బియ్యం కొన్న బియ్యం కంటే పెద్ద తక్కువేం కాలేదు.

"ఉచితంగా వచ్చేది ఏదీ ఉండదు. ఎవరో ఒకరు కడుతున్నారు, మీకు కనపడట్లేదు అంతే," అన్నాను. చాలా బాగా వచ్చింది ఆ మాట. తలుపు దగ్గర నిలబడి మేష్టారు తల ఊపారు.

జూలై 15, మంగళవారం

మేస్త్రీ వచ్చి కొలిచాడు. స్లాబుకి నాలుగున్నర లక్షలన్నాడు. నాలుగుంపావుకి తెచ్చాను.

జూలై 19, శనివారం

రెండో క్లాసు. బండి కొనడం. షోరూమువాడు చెప్పే ధరకీ, రోడ్డెక్కేసరికి అయ్యే ధరకీ తేడా ముందు రాయించాను. తర్వాత ఇరవై నాలుగు నెలల వాయిదా, ముప్పైఆరు నెలల వాయిదా. వాయిదా చిన్నదైతే వడ్డీ పెద్దదని వాళ్ళంతట వాళ్ళే కనిపెట్టారు. వెనక బెంచీ కుర్రాడొకడు "అయితే రెండేళ్ళు బస్సులో తిరిగి, డబ్బు దాచి, రొక్కం ఇచ్చి కొంటే బండీ మిగుల్తాది, డబ్బూ మిగుల్తాదండి," అన్నాడు. వాడికి పదికి పది.

శ్యామ్ బాబు మాత్రం ఒప్పుకోలేదు. "రెండేళ్ళు బస్సులో తిరిగేవాణ్ణి ఎవరు చూస్తారండి?" అన్నాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్న సామెత వాడి చేత పదిసార్లు రాయించాను.

ఇంటికొచ్చాక అత్తయ్యగారు అకామా అంటే ఏమిటని మళ్ళీ అడిగారు. కువైట్‌లో ఉండటానికి పర్మిట్టు, సెప్టెంబరుతో అయిపోతుంది, మళ్ళీ రెండేళ్ళకి కొట్టించుకోవాలి అని మళ్ళీ చెప్పాను. "కొట్టించుకోకపోతేనో?" అన్నారు. స్లాబు ఎవరు వేస్తారండీ అన్నాను. ఆవిడ డెబ్బై రెండేళ్ళ మనిషి, ఆవిడకి ఇవన్నీ ఎక్కవు.

జూలై 25, శుక్రవారం

శుక్రవారం కువైట్‌లో సెలవు. ఆయన ఫోన్ చేశారు.

"కంపెనీవాడు అడుగుతున్నాడు సత్యా. ఏం చెయ్యమంటావు? కొట్టించెయ్యమంటావా, వచ్చెయ్యమంటావా?"

"రెండేళ్ళేగా అండీ. స్లాబు వేసుకుని హాయిగా వచ్చేద్దురు."

"ఆయ్. అలాగే," అన్నారు.

సంతోషంగానే అన్నారు. నాకు ఆయన గొంతు తెలియదా. వీడియో ఎత్తలేదు, నెట్ బాలేదట. మూడు వారాల నుంచి వాళ్ళ నెట్ బాగుండటం లేదు.

అక్కడ ఆయనకేం కష్టం? ఏసీ మెకానిక్కు పని, నీడపట్టునే. జీతం నూట ముప్పైఐదు దినార్లు. జనవరిలో స్లాబు కోసం ఇంకో ఇరవై కలపమన్నాను, అప్పటి నుంచి నూట ఇరవై పంపుతున్నారు. మిగతా పదిహేను చేతిఖర్చు. రూము, తిండి కంపెనీవే.

జూలై 28, సోమవారం

మేస్త్రీకి పదివేలు అడ్వాన్సు ఇచ్చాను. మంచి రోజని ఇచ్చాను.

ఆగస్టు 1, శుక్రవారం

పిల్లలకి పోయిన వారం ఇచ్చిన ఇంటిపని కాయితాలు వచ్చాయి. "మీ ఇంట్లో సంపాదించేవాళ్ళని ఒకరిని అడిగి, వాళ్ళ సొంత నెల ఖర్చు రాసుకు రండి" అని చెప్పాను. సగం మంది నాన్న సిగరెట్లు రాయడానికి భయపడ్డారు. ఒకడు ధైర్యంగా రాసి, పక్కన "చూపించకండి ప్లీజ్" అని రాశాడు. ఎర్ర పెన్ను తీసుకుని వరండాలో కూర్చున్నాను. రేపు క్లాసులో ఇచ్చేయాలి.

మా అమ్మాయి కాయితం తప్పుల తడక. వాళ్ళ నాన్నగారి లెక్క రాసింది. ఆదాయం: జీతం 135, కార్లు 20. ఖర్చు: ఇంటికి 120, మంచం అద్దె 15, మెస్సు రాత్రి పూట 10, ఫోను 3, సబ్బు, క్షవరం 2, స్నేహితుడి బాకీ 5. పళ్ళ డాక్టరు: తర్వాత. మధ్యాహ్నం తిండి దగ్గర గీత గీసి వదిలేసింది.

కార్లేమిటో, మంచం అద్దేమిటో! ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి రాశాను: "తప్పు. రూము, తిండి కంపెనీ ఇస్తుంది. ఊహించి రాయకూడదు, అడిగి రాయాలి." పదికి నాలుగు వేశాను. సొంత కూతురని ఎక్కువ వేస్తే ఊరు ఊరుకోదు.

ఆగస్టు 2, శనివారం

క్లాసు అయ్యాక ఇంటికొచ్చేదాకా దుర్గాశ్రీ మాట్లాడలేదు. స్కూటీ ఆపగానే కాయితం నా ముందు పెట్టింది.

"అడిగే రాసేనమ్మా."

"ఎవరిని?"

"నాన్నగార్నే. మూడుసార్లు అడిగేను. మొదట నవ్వేసేరు. రెండోసారి రూము కంపెనీదే అన్నారు. మార్కులు పోతాయి నాన్నగారూ అంటే అప్పుడు చెప్పేరు."

"నాకెందుకు చెప్పలేదు?"

"అమ్మకి చెప్పొద్దన్నారు. నేను చెప్పలేదు కదా. కాయితం మీద రాసేను."

ఫోను తీసి, ఆయన తనకి పంపిన వాయిస్ మెసేజి నాకు వినిపించింది. "నాలుగేళ్ళయింది అమ్మలూ కంపెనీ రూము తీసేసి. కరోనా తర్వాత అందరికీ తీసేసేరు. పొద్దున్నే నాలుగు కార్లు కడుగుతాను, కారుకి ఐదు దినార్లు. మధ్యాహ్నానికి కుబ్బూస్ రొట్టి ఉంటాది, టీలో ముంచుకుంటే మెత్తగా దిగిపోద్ది. ఆ పన్నొకటి ఊడేలా ఉంది, అందుకే వీడియో ఎత్తట్లేదు. అమ్మకి చెప్పకేం. దాని మనసంతా స్లాబు మీదుంది."

ఆగస్టు 3, ఆదివారం

దుర్గాశ్రీ లెక్కలో కూడిక తప్పు లేదు. నాలుగుసార్లు కూడాను.

ఆగస్టు 5, మంగళవారం

మూడు రోజులుగా ఆయన మీద మండిపడుతున్నాను. చెప్పొచ్చు కదా! నేను రాక్షసినా? చెప్పి ఉంటే అడిగేదాన్నా ఆ ఇరవై దినార్లు? జనవరిలో నేను ఇరవై అడిగాను, ఆయన ఫిబ్రవరిలో కార్లు కడగడం మొదలుపెట్టారు. దుర్గని అడిగి నెల కూడా కనుక్కున్నాను. అంటే నా స్లాబులో ఇసక, కంకర ఆయన తెల్లవారుజామున నాలుగు గంటలకి లేచి కడిగిన కార్లే.

అత్తయ్యగారికి చెప్పాను. ఆవిడ చేతిలో చిక్కుడుకాయలు ఒలవడం ఆపలేదు.

"వాడు తిన్నానన్నాడంటే తినలేదనేనే. చిన్నప్పట్నించీ అంతే. నలుగురు పిల్లల్లో వాడొక్కడే అడిగేవాడు కాదు."

"మీకు తెలిస్తే నాతో అనొచ్చు కదండీ."

"కొట్టించుకోకపోతేనో అని అడిగేను కదే," అన్నారు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆయన అడగలేదు. కానీ నేను? కరెంటు రేటు అడిగాను, సిమెంటు రేటు అడిగాను, ముప్పైఒక్క మంది పిల్లల్ని బియ్యం ఎక్కడివని నిలదీశాను. ఉచితంగా వచ్చేది ఏదీ ఉండదని బోర్డు ముందు నిలబడి చెప్పాను. మొగుణ్ణి నాలుగేళ్ళలో ఒక్కసారి, మీరేం తింటున్నారండీ, డబ్బులెక్కడివి అని అడగలేదు. నా పుస్తకంలో రూపాయి తేడా లేదనుకున్నాను. అవి కాకి లెక్కలు.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. పూజ అవగానే నేనే ఫోన్ చేశాను.

"వీడియో ఎత్తండి."

"నెట్ బాలేదు సత్యా."

"మీ నెట్ సంగతి దుర్గ కాయితంలో ఉందండీ. ఎత్తండి."

ఎత్తారు. ఎడమ బుగ్గ వాచి ఉంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. మనిషి సగమయ్యారు. పక్కన ఆరు మంచాలు, ఒకదాని మీద ఒకటి.

"వచ్చెయ్యండి," అన్నాను. "అకామా కొట్టించకండి."

"కొట్టించేసేరే. నువ్వు చెప్పిన మర్నాడే కాయితాలు ఇచ్చేసేను. ఆలస్యమైతే ఫైనని."

చేతిలో హారతి పళ్ళెం ఇంకా అలాగే ఉంది. కింద పెట్టాను.

"ఇప్పుడు మానేసి వస్తే ఏమవుద్ది?"

"మూడు నెలలు ముందు చెప్పాలి. అకామా ఖర్చు కోసేసుకుంటారు. టికెట్టు మనదే. సర్వీసు డబ్బుల్లో కోత. అంతా కలిపి లక్షా ఇరవై దాకా పోద్ది సత్యా. ఎందుకులే. రెండేళ్ళెంతలో..."

"పోనివ్వండి."

"స్లాబో?"

"ఉన్న ఇల్లు కారట్లేదు కదండీ."

"వచ్చి ఏం చెయ్యనే నేను? నలభై ఎనిమిదొచ్చేయి. అక్కడెవరిస్తారు పని?"

భయపడుతున్నారు. పదకొండేళ్ళ క్రితం వెళ్ళడానికి భయపడినట్టే, ఇప్పుడు రావడానికి. నాకు మాత్రం ఎందుకో ఆ మాట వినగానే ధైర్యం వచ్చేసింది. లెక్క వేయాల్సిన పని ఏదైనా ఉందంటే నాకు కాళ్ళలో బలం వస్తుంది.

"అది నాకొదిలెయ్యండి. వారం టైమివ్వండి. ముందు ఆ పన్ను చూపించుకోండి."

"ఆయ్. జీతం రానీ."

ఆగస్టు 14, గురువారం

వేశాను. పిల్లలకి ఇచ్చిన పద్దెనిమిది వేలే నా సంసారానికీ పెట్టుకున్నాను. నా పోస్టాఫీసు కమీషను ఆరున్నర వేలు. మిగతా పదకొండున్నర ఆయన సంపాదించాలి. గ్యాస్ కంపెనీ ఉద్యోగులు అద్దెకుండే ఇళ్ళన్నీ స్కూటీ మీద తిరిగాను. మామిడికుదురు, నగరం కలిపి నేను ఆర్డీ కట్టించే ఇళ్ళల్లో నలభై మూడు ఏసీలున్నాయి. వాటికి మెకానిక్కు అమలాపురం నుంచి వస్తున్నాడు, వచ్చినందుకే మూడొందలు. ఫోన్ చేసిన నాలుగో రోజుకి వస్తాడట! ఆ ఇళ్ళ ఆడవాళ్ళందరిదీ ఒకటే మాట, "మీ ఆయన శ్రీరాములుగారు వచ్చేస్తే మాకంతకంటేనాండీ."

స్లాబు కోసం దాచింది మూడు లక్షల నలభై వేలు. అందులో లక్షా ఇరవై నష్టం తీసేశాను. పనిముట్లకి అరవై వేలు. చలికాలంలో ఏసీ ఎవరూ వేయరు, ఆ నాలుగు నెలలకి ఎనభై వేలు పక్కన పెట్టాను. అయినా ఎనభై మిగిలింది. రెండుసార్లు చూశాను. ఈసారి ఆయన తిండి రాశాను, పళ్ళ డాక్టరు కూడా.

మేస్త్రీని అడ్వాన్సు వెనక్కి అడిగాను. ఎనిమిది వేలే ఇచ్చాడు. రెండు వేలు ఇసకలో పోయాయట. రాని ఇసకలో!

ఆగస్టు 17, ఆదివారం

ఆయన కంపెనీకి కాయితం ఇచ్చేశారు. నవంబరు మూడో వారం.

ఆగస్టు 23, శనివారం

క్లాసుకి వెళ్ళేముందు చెప్పబోయే లెక్క రెండుసార్లు రాసి చింపేశాను. ఇంటర్ పరీక్షలప్పుడు కూడా ఇంత భయపడలేదు.

బోర్డు మీద ఒక లెక్క రాశాను. "ఒక ఆవిడ ఉంది. భర్త గల్ఫ్‌లో," అని మొదలుపెట్టాను. ఆవిడెవరో చెప్పకుండా గడిపేద్దామని నా ఉద్దేశం. జీతం, పంపేది, మంచం, మెస్సు, కార్లు అన్నీ రాసి, "ఈ లెక్కలో ఆవిడ ఎక్కడ తప్పింది?" అని అడిగాను.

"వాళ్ళాయన్ని అడగలేదండి," అన్నాడు శ్యామ్ బాబు, చెయ్యి కూడా ఎత్తకుండా. "మా బియ్యం లాగేనండి. కనపడలేదు కదాని లేదనుకుంది." ఒక్క క్షణం ఆగి, "ఆవిడెవరండి?" అన్నాడు.

దుర్గాశ్రీ తల వంచుకుంది. ఆ వంచుకున్న తల చూసి నాకు అబద్ధం రాలేదు.

"నేనే," అన్నాను.

శ్యామ్ బాబే మెల్లిగా, "అయితే మీకెన్ని మార్కులేద్దామండి?" అన్నాడు.

"నువ్వే వెయ్యి."

లేచి వచ్చి బోర్డు మీద సున్నా వేశాడు. మళ్ళీ ఏమనుకున్నాడో ముందు ఒకటి చేర్చి పది చేయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. ఐదు దగ్గర బేరం తెగింది. పిల్లలు పడీ పడీ నవ్వారు, మా అమ్మాయి కూడా.

గంట కొట్టాక ఒక పిల్ల నా దగ్గరికొచ్చింది. వాళ్ళ నాన్న ఖతార్‌లో ఉంటాడు. "కాయితంలో మా నాన్నగారి తిండికి ఐదు వేలు నేనే వేసేసేనండి. అడగలేదు. ఇవాళ అడుగుతానండి," అంది. దగ్గరికి తీసుకున్నాను.

ఆగస్టు 29, శుక్రవారం

ఆయన ఫోన్. వీడియో తనే ఎత్తారు. అటూ ఇటూ మాట్లాడారు, వానల గురించి, దుర్గ చదువు గురించి. ఏదో అడగాలని, అడగలేక తిరుగుతున్నారని తెలుస్తూనే ఉంది. చివరికి గొంతు సవరించుకున్నారు.

"సత్యా, ఈ నెల జీతంలో నలభై దినార్లు తక్కువ పంపనా? పన్ను పీకించి వేరేది పెట్టించుకోవాలంట. నీకు ఇబ్బందైతే వద్దులే, వచ్చాక ఇక్కడే చూపించుకుంటాను."

నలభై ఎనిమిదేళ్ళ మనిషి. తన జీతం. తన పన్ను. బడికెళ్ళే కుర్రాడు జాతరకి డబ్బులడిగినట్టు అడిగారు. ఆయన్ని అలా చేసింది నేనే. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఈ నెల ఏమీ పంపకండి," అన్నాను. "ఒక్క దినారు కూడా పంపకండి. అంతా ఉంచుకోండి."

"అంతానా? మరి మీరెలా?"

"ముప్పైఒక్క మంది పిల్లలకి నెల ఎలా గడపాలో పాఠం చెప్పి వచ్చానండీ. నేను గడపలేనా?"

ఆయన నవ్వారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

సెప్టెంబరు 6, శనివారం

నిన్న ఐదో తారీఖు. ఆయన డబ్బు పడ్డట్టు బ్యాంకు మెసేజి రాలేదు. పదకొండేళ్ళలో ఇదే మొదటి నెల. చిక్కుడు, ఆనపకాయ పెరట్లోవే కాబట్టి కూరల ఖర్చు తగ్గించాను. పాలు అరలీటరు చేశాను. అత్తయ్యగారు టీ మానేస్తానన్నారు, వద్దన్నాను. నెలాఖరుకి ఇంకా నాలుగొందలు మిగిలేలా ఉంది.

మధ్యాహ్నం ఆయన దగ్గర్నించి ఫొటో వచ్చింది. హోటలు బల్ల, పళ్ళెంలో అన్నం, పప్పు, చేప ముక్క. వెనకే గొంతు కూడా పంపారు. "కార్లు మానేసేను సత్యా. ఇవాళ మధ్యాహ్నం హోటల్లో కూర్చుని తిన్నాను."

కూర్చుని అన్నారు. ఆ మాట మళ్ళీ మళ్ళీ విన్నాను. ఇన్నాళ్ళూ మధ్యాహ్నాలు ఆయన నిలబడే తిన్నారని అప్పుడు తెలిసింది. వంటింట్లో నేల మీద కూలబడి, అత్తయ్యగారూ దుర్గా వచ్చి లేపేదాకా ఏడ్చాను.